పార్కిన్సన్స్ ముప్పు పట్టిక, 102 మంది తెలుగువారు: ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

పార్కిన్సన్స్ వ్యాధి ముప్పును పెంచే జన్యు మార్పుల పట్టిక ఒకటి శాస్త్రవేత్తల చేతిలో ఉంది. ఆ మార్పులు తెలుగువారిలో ఎంత తరచుగా కనిపిస్తాయి? ఆ పట్టికను మనం ఎంతవరకు నమ్ముకోవచ్చు? వేసవి సెలవులు పూర్తయ్యేలోపు ఈ రెండు ప్రశ్నలకు ఒక దారి వేసుకోవాలని కూర్చున్నాను. నేను డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. నా దగ్గర ప్రయోగశాల లేదు, రోగుల రక్త నమూనాలు లేవు. కొత్త జన్యువును కనిపెట్టడం ఇలాంటి ఏర్పాటుతో అయ్యే పని కాదు. కానీ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోగలిగే డేటా రెండు చోట్ల ఉంది. దాన్ని జాగ్రత్తగా పక్కపక్కన పెట్టి చదవడానికి ఇంట్లో ఉన్న కంప్యూటర్ చాలు.

మొదటిది 2019లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం. అందులో 37,688 మంది రోగులు, దగ్గరి రక్తసంబంధీకులకు ఈ జబ్బు ఉన్న మరో 18,618 మంది, జబ్బు లేనివారు సుమారు 14 లక్షల మంది ఉన్నారు. డీఎన్ఏలో 78 లక్షల చోట్ల రోగులకూ, జబ్బు లేనివారికీ తేడా ఏమైనా ఉందా అని వెతికారు. 78 ప్రాంతాల్లో 90 విడివిడి సంకేతాలు దొరికాయి. ఈ రంగంలో పనిచేసేవారు 'పట్టిక' అంటే చాలాకాలం ఇదే.

రెండోది 1000 జీనోమ్స్ ప్రాజెక్టు. 2008లో మొదలై, 2015లో చివరి దశ ఫలితాలు ప్రచురించింది. 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది జీనోములు (అంటే ఒక్కొక్కరి మొత్తం డీఎన్ఏ) అందులో ఉన్నాయి. వాటిలో 'ఐటీయూ' అనే గుర్తుతో ఉన్న సమూహం మనదే: బ్రిటన్‌లో నివసిస్తున్న తెలుగువారు, 102 మంది. వారి పేర్లు, ఊళ్లు, వయసులు మనకు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. హెచ్‌జీ అనే అక్షరాలతో మొదలయ్యే సంకేత సంఖ్యలే మనకు కనిపిస్తాయి. ఎక్కడో లండన్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోనో రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్న ఆ 102 మంది వల్ల ఇవాళ ఒక తెలుగు లెక్చరర్ ఇంట్లో కూర్చుని ఈ ప్రశ్న వేయగలుగుతున్నాడు. వారికి నా కృతజ్ఞత ఇక్కడే రాసిపెడుతున్నాను.

2019 అధ్యయనంలోని వారంతా యూరోపియన్ మూలాలవారే. నా ప్రాజెక్టు పుట్టింది ఈ ఒక్క వాక్యంలోంచే.

జూన్, మూడో వారం

ఈ వారమంతా ఫైళ్లతోనే సరిపోయింది. బయటివారికి ఇది విసుగు పుట్టించే పని అనిపించవచ్చు గానీ ఫలితం నిలబడేది, కూలిపోయేది ఇక్కడే. కాబట్టి వివరంగా రాస్తాను.

ముందు ఒక విషయం స్పష్టం కావాలి. 2019 అధ్యయనం నుంచి అందరికీ అందుబాటులో పెట్టిన ఫైలులో ట్వంటీ త్రీ అండ్ మీ అనే అమెరికన్ డీఎన్ఏ పరీక్షల కంపెనీ వినియోగదారుల డేటా ఉండదు. అది కావాలంటే కంపెనీతో వేరే ఒప్పందం చేసుకోవాలి. అంటే పత్రికలో అచ్చయిన సంకేతాల బలం ఈ ఫైలులో కొంత తగ్గి కనిపిస్తుంది. అందుకే మార్పుల జాబితాను వ్యాసంలోని పట్టిక నుంచి తీసుకున్నాను. ఒక్కో మార్పు చుట్టుపక్కల ప్రాంతాన్ని చూడటానికి మాత్రమే ఫైలును వాడుతున్నాను.

ఆ ఫైలులో ప్రతి వరుసా ఒక మార్పు. క్రోమోజోము సంఖ్య, స్థానం, రెండు రూపాలు, ఒక రూపం ఎంత తరచుగా ఉంది, ముప్పు మీద దాని ప్రభావం, ఆ అంచనాలో ఉన్న ఊగిసలాట, చివరికి పీ విలువ, అంటే నిజంగా ఏ సంబంధమూ లేకున్నా ఇంత తేడా కనబడే అవకాశం. ఈ పీ విలువ 2 కోట్లలో ఒకటి కంటే తక్కువైతేనే ఆ సంకేతాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఇంత కఠినమైన హద్దు ఎందుకని మా విద్యార్థులు అడుగుతుంటారు. జీనోములో ఒకదానితో ఒకటి ముడిపడని పరీక్షలు దాదాపు 10 లక్షలు చేసినట్టు లెక్క. మామూలుగా వాడే 'వందలో 5' హద్దు పెట్టుకుంటే, ఏ సంబంధమూ లేకుండానే 50 వేల చోట్ల సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ 50 వేల అబద్ధాలను గడప బయటే ఆపేయడానికి హద్దును అంత కిందికి దించారు.

తర్వాత స్థానాల సంగతి. మనిషి జీనోముకు ఒక ప్రామాణిక ప్రతి ఉంటుంది, దాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తారు. సవరించినప్పుడల్లా స్థానాల సంఖ్యలు మారిపోతాయి. మన నగరాల్లో పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు అని గేటు మీద రెండూ రాసి ఉంచినట్టే ఇది. ఇల్లు కదలదు, నంబరు మారుతుంది. ఉదాహరణకు ఆర్‌ఎస్ 356182 అనే మార్పు పాత ప్రతి 37లో నాలుగో క్రోమోజోము మీద 9,06,26,111వ అక్షరం. కొత్త ప్రతి 38లో అదే మార్పు 8,97,04,960వ అక్షరం. తేడా 9 లక్షల అక్షరాల పైనే. 2019 ఫలితాలు పాత ప్రతి లెక్కలో ఉన్నాయి. 1000 జీనోమ్స్ 2015 ఫైళ్లూ పాత ప్రతివే. కానీ అవే నమూనాలను న్యూయార్క్ జీనోమ్ సెంటర్ మళ్లీ లోతుగా చదివి విడుదల చేసిన ఫైళ్లు కొత్త ప్రతివి. ఈ రెండోవి కూడా నాకు అవసరం. అందుకే ప్రతి మార్పుకూ రెండు నంబర్లూ రాసిన పట్టికను ముందే తయారుచేసి పెట్టుకున్నాను.

మొత్తం క్రోమోజోము ఫైళ్లను దించుకోవాలంటే ఇంట్లో ఉన్న ఇంటర్నెట్‌కు భారమే. ట్యాబిక్స్ అనే చిన్న ప్రోగ్రాము ఉంది. సర్వర్‌లో ఉన్న పెద్ద ఫైలులోంచి మనకు కావలసిన ముక్కను మాత్రమే తెచ్చిపెడుతుంది. మా కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పే మిత్రుడు దీన్ని నేర్పించాడు. ఇలాంటి పని మొదలుపెట్టే విద్యార్థులెవరైనా ముందు దీన్ని నేర్చుకోండి.

చివరిది అక్షరాల దిశ. డీఎన్ఏలో రెండు పోగులుంటాయి. ఒకదాని మీద ఏ ఉంటే ఎదురుగా టీ, సీ ఉంటే ఎదురుగా జీ. ఒక చోట ఏ, జీ అనే రెండు రూపాలున్నాయనుకుందాం. ఎదుటి పోగు మీద చదివితే టీ, సీ అవుతాయి. పోగు మారిందని ఇట్టే తెలుస్తుంది. ఏ, టీ రూపాలే ఉంటే ఎదుటి పోగు మీదా టీ, ఏ అనే వస్తాయి. ముప్పు రూపం ఏదో, కాపాడే రూపం ఏదో తారుమారైనా గుర్తుపట్టలేం. సాధారణంగా 'తరచుగా ఉన్న రూపాన్ని తరచుగా ఉన్న రూపంతో జతచేసేయండి' అంటారు. యూరోపియన్ డేటాను యూరోపియన్ డేటాతో పోల్చేటప్పుడు ఇది చెల్లుతుంది. నేను కొలవబోతున్నదే తెలుగువారికీ యూరోపియన్లకూ మధ్య ఉన్న తేడా. ఆ తేడా లేదనుకుని అక్షరాలు సరిచేస్తే కొలవడానికి ఇక మిగిలేది ఏమిటి? అందుకని ఏ–టీ, సీ–జీ మార్పులన్నిటినీ వేరే పుటలో పెట్టాను. ప్రతి ఒక్కదాన్నీ ప్రామాణిక ప్రతితో చేత్తో సరిచూస్తాను, తేలనిదాన్ని వదిలేస్తాను.

జూలై, మొదటి వారం

మొదట చూసిన జన్యువు ఎస్‌ఎన్‌సీఏ. ఇంకో జన్యువుతో మొదలుపెట్టాలని నాకు అనిపించలేదు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించిన దగ్గర్నుంచి దాదాపు 180 ఏళ్లపాటు దీనికి జన్యువులతో పెద్దగా పనిలేదనే భావన ఉండేది. 1997లో ఇటలీలోని కాంటుర్సీ అనే ఊరి మూలాలున్న ఒక పెద్ద కుటుంబంలో ఈ జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల తరతరాలుగా జబ్బు వస్తోందని తేలింది. అదే ఏడాది, రోగుల మెదడు కణాల్లో కనిపించే లూయీ ముద్దల్లో ప్రధానంగా ఉన్నది ఈ జన్యువు తయారుచేసే ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీనేనని ఇంకో బృందం చూపించింది. 2003లో అమెరికాలోని ఒక కుటుంబంలో ఈ జన్యువులో ఏ అక్షరమూ మారకపోయినా, ఒక క్రోమోజోము మీద ఒకటికి బదులు మూడు ప్రతులు ఉండటం వల్లే జబ్బు వచ్చిందని బయటపడింది. ప్రొటీను చెడిపోవాల్సిన పని లేదు, మోతాదు మించినా చాలు. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన ఫలితం ఇది.

పైన డోర్ నంబరు ఉదాహరణలో చెప్పిన ఆర్‌ఎస్ 356182 ఈ జన్యువు పక్కదే. జన్యువు లోపల కాదు, దాని అంచుకు సుమారు 19 వేల అక్షరాల అవతల ఉంటుంది. ప్రొటీనులో అది మార్చేది ఏమీ లేదు. జన్యువు ఎంత గట్టిగా పనిచేయాలన్నదాని మీద ఆ ప్రాంతానికి పట్టు ఉందని భావిస్తున్నారు. అక్కడ జీ అక్షరం ఒక ప్రతి ఉంటే ముప్పు సుమారు 1.3 రెట్లు. దీన్ని సరిగా అర్థం చేసుకోవాలి. 60 దాటినవారిలో ఈ జబ్బు దాదాపు వందకొకరికి ఉంటుంది. 1.3 రెట్లు అంటే ఆ 'వందకు ఒకరు' కాస్తా 'వందకు 1.3' అవుతుంది. అంతే. ఒక మనిషి భవిష్యత్తు చెప్పడానికి ఇది పనికిరాదు. జబ్బు ఎలా పుడుతుందో చెప్పే దారి మాత్రం ఇక్కడ తెరుచుకుంటుంది.

తెలుగు నమూనాల్లో ఈ చోట రెండు రూపాలూ బాగానే ఉన్నాయి. ఇది శుభవార్త. రెండు రూపాలూ తరచుగా ఉన్నప్పుడే రోగులనూ, జబ్బు లేనివారినీ పోల్చి చూడగలం. 2020లో 6,724 మంది రోగులతో తూర్పు ఆసియా దేశాల్లో జరిగిన అధ్యయనంలోనూ ఎస్‌ఎన్‌సీఏ సంకేతం బలంగా వచ్చింది. జాతులు దాటి నిలబడే సంకేతం ఏదైనా ఉందంటే నేను ముందు చెప్పే పేరు ఇదే.

జూలై, మూడో వారం

ఆదివారం మా పెద్దనాన్న దగ్గరికి వెళ్లాను. ఆయనకు పార్కిన్సన్స్ ఉంది. జీవితమంతా ధాన్యం లెక్కలు తనే రాసుకునేవారు. ఆ పాత పుస్తకాలు చూపించమని అడిగాను. జబ్బు పేరు మేం విననప్పటి ఏళ్లలోనే, వరుస మొదట్లో గుండ్రంగా పెద్దగా ఉన్న అక్షరాలు వరుస చివరికి వచ్చేసరికి చిన్నవైపోతున్నాయి. 'బస్తాలు' అన్న మాట ఎడమవైపు వేలెడంత ఉంటే కుడివైపు వడ్లగింజంత ఉంది. వైద్య పుస్తకాల్లో చదివిన లక్షణమే. మా ఇంటి పుస్తకంలో, మా పెద్దనాన్న చేతిరాతలో చూసేసరికి మాత్రం చాలాసేపు పుట తిప్పలేకపోయాను.

ఆయన మాత్ర వేసుకుని, అన్నానికి అరగంట ఆగి ఉన్నారు. తిండిలోని ప్రొటీను ఆ మందును పేగుల్లోంచి సరిగా పీల్చుకోనివ్వదు కాబట్టి డాక్టరు అలా చెప్పారు. మందు పేరు లెవోడోపా. మన దూలగొండి గింజల్లో సహజంగా ఉండేది ఇదే. దాన్ని ఆ గింజల నుంచి వేరుచేసి 1937లో వివరాలు ప్రచురించింది మద్రాసులో పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు. బంధువులు గింజల పొడి తెచ్చి ఇస్తున్నారు. గింజగింజకూ మందు శాతం మారుతుంది కాబట్టి మాత్రలతోపాటు దాన్ని కలపొద్దని పెద్దమ్మకు మళ్లీ చెప్పాను.

"నీ కంప్యూటరులో చూస్తున్నావంట కదరా, ఇది మా తమ్ముడికి కూడా వస్తుందా?" అని అడిగారు ఆయన. తమ్ముడంటే మా నాన్న.

"నా లెక్కలు ఆ సంగతి చెప్పలేవు పెద్దనాన్నా. తోడబుట్టినవారికి ముప్పు మిగతావారికంటే రెండు మూడు రెట్లు ఉంటుందంటారు. అలా చూసినా ఎక్కువమందికి రాదు."

"అయితే ఎందుకురా చూడటం?"

"మీ తర్వాత వచ్చేవారికి మంచి మందు రావాలంటే జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలియాలి. అది మనవాళ్లలోనూ వెతకాలి."

ఆయన తలాడించారు. ఆ మాట ఆయన్ని ఓదార్చడానికి చెప్పింది కాదు. ఈ ప్రాజెక్టుకు ఇంతకు మించిన కారణం నాకు అక్కర్లేదు కూడా.

ఆగస్టు, మొదటి వారం

ఎల్‌ఆర్‌ఆర్‌కే2. 2004లో ఈ జన్యువుకు పార్కిన్సన్స్‌తో సంబంధం తేలింది. ఇందులో జీ2019ఎస్ అనే మార్పు ఉన్నవారికి ముప్పు చాలా ఎక్కువ. ఉత్తర ఆఫ్రికాలోని బెర్బర్ సమూహాల్లో, అష్కెనాజీ యూదుల్లో రోగులను పరీక్షిస్తే ఇది తరచుగా కనిపిస్తుంది. తూర్పు ఆసియాలో ఇది అరుదు. అక్కడ అదే జన్యువులో జీ2385ఆర్, ఆర్1628పీ అనే వేరే మార్పులు ముప్పు పెంచుతాయి. భారతీయ రోగుల్లోనూ జీ2019ఎస్ చాలా అరుదని ఇక్కడి అధ్యయనాలు చెప్పాయి.

ఇక్కడ ఒక లెక్క రాసుకోవాలి. ఒక్కో క్రోమోజోము ప్రతి మనిషిలో రెండేసి ఉంటుంది కాబట్టి 102 మంది అంటే 204 క్రోమోజోములు. వెయ్యికొకటి ఉండే మార్పు ఈ 204లో ఒక్కసారి కూడా కనబడకపోయే అవకాశం 82 శాతం. వందకొకటి ఉండే మార్పు కూడా కనబడకుండా జారిపోయే అవకాశం 13 శాతం. కాబట్టి 102 మందిలో ఒక మార్పు సున్నా వచ్చిందంటే 'తెలుగువారిలో లేదు' అని రాయకూడదు. 'ఉంటే వందకు ఒకటిన్నరకు మించి ఉండకపోవచ్చు' అని మాత్రమే రాయాలి. మూడును 204తో భాగిస్తే వచ్చేది అదే. గణాంక శాస్త్రంలో ఇది పాత సూత్రం. నా పట్టికలో ఇకమీదట సున్నా ఉన్న ప్రతి గడిలో ఆ పై హద్దు కూడా రాస్తున్నాను.

పైగా ఈ 102 మంది రోగులు కారు. 1000 జీనోమ్స్ ప్రాజెక్టు ఎవరి ఆరోగ్య వివరాలూ సేకరించలేదు. ఒక మార్పు మనలో ఎంత తరచుగా ఉందో ఈ డేటా చెబుతుంది. అది మనలో ముప్పు పెంచుతోందా అన్నది ఎంత తవ్వినా చెప్పదు.

ఆగస్టు, చివరి వారం

జీబీఏ1 దగ్గర అనుకున్నదానికంటే చాలా ఎక్కువ రోజులు ఆగిపోయాను. ఆగినందుకు విచారం లేదు.

ఈ జన్యువు రెండు ప్రతులూ చెడిపోతే గౌషే వ్యాధి అనే అరుదైన జబ్బు వస్తుంది. ఒక ప్రతి మాత్రమే చెడినవారికి గౌషే రాదు. కానీ ఆ రోగుల తల్లిదండ్రుల్లో, తాతల్లో పార్కిన్సన్స్ ఎక్కువగా కనిపిస్తోందని వైద్యులు గమనించారు. 2009లో 16 కేంద్రాలు కలిసి 5,691 మంది రోగులను పరిశీలించి, ఈ జన్యువులో హానికర మార్పు కనిపించే అవకాశం జబ్బు లేనివారిలో కంటే పార్కిన్సన్స్ రోగుల్లో ఐదు రెట్లకు పైనే అని చూపించాయి. ఒక అరుదైన జబ్బు కుటుంబాలను శ్రద్ధగా చూడటం వల్ల మామూలు జబ్బు రహస్యం ఒకటి బయటపడింది. మా విద్యార్థులకు ఈ కథ తప్పకుండా చెబుతాను.

చిక్కంతా ఈ జన్యువును చదవడంలో ఉంది. జీబీఏ1 పక్కనే, సుమారు 16 వేల అక్షరాల దూరంలో, దాని నకలు ఒకటి ఉంది. పనిచేయని జన్యువు, పేరు జీబీఏపీ1. రెండింటి అక్షరాలు 96 శాతం ఒకటే. యంత్రం డీఎన్ఏను 150 అక్షరాల చిన్న ముక్కలుగా చదివి ప్రామాణిక ప్రతి మీద వాటి చోటు వెతుకుతుంది. ఒక ముక్క ఈ రెండు చోట్లా సమానంగా అతికితే అది ఎక్కడిదో సాఫ్ట్‌వేరు తేల్చుకోలేదు.

లోతుగా చదివిన ఒక తెలుగు నమూనాను ఐజీవీ అనే ప్రోగ్రాములో తెరిచి, ఒకటో క్రోమోజోము మీద ఈ ప్రాంతానికి వెళ్లాను. జన్యువు మొదటి భాగంలో ముక్కలన్నీ బూడిద రంగు పట్టీల్లా ఒకదాని మీద ఒకటి నిండుగా పేర్చి ఉన్నాయి. చివరి భాగానికి జరుగుతుంటే వాటి మధ్య లోపల రంగు లేని పట్టీలు కనబడటం మొదలైంది. రంగు లేదంటే ఆ ముక్క అక్కడిదేనన్న నమ్మకం సున్నా. ఎల్444పీ అనే ముఖ్యమైన హానికర మార్పు ఉండేది సరిగ్గా ఈ చివరి భాగంలోనే. ఆ మార్పులో వచ్చే అక్షరం నకలు జన్యువులో సహజంగానే ఉంటుంది. అంటే నకలు నుంచి వచ్చిన ముక్క పొరపాటున ఇక్కడ అతికితే ఆరోగ్యంగా ఉన్న మనిషికి హానికర మార్పు అంటగట్టినట్టవుతుంది. అసలు ముక్క అటువైపు వెళ్లిపోతే ఉన్న మార్పు లేదన్నట్టవుతుంది. ఒకరి ఇంట్లో దీన్ని వైద్య నివేదికగా చదువుతారని తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఈ జన్యువు కోసమే రాసిన ప్రత్యేక ప్రోగ్రాములు ఉన్నాయి. వాటితో సరిచూడని జీబీఏ1 ఫలితాన్ని నేను పట్టికలో చేర్చను. పక్కవారి పట్టికలో కనిపించినా నమ్మను.

ఈ జన్యువు గురించి ఇంకో సంగతి. 2023లో నైజీరియా రోగులూ, ఇతర ఆఫ్రికన్ మూలాలవారూ ఉన్న అధ్యయనం ఒకటి లాన్సెట్ న్యూరాలజీలో వచ్చింది. రోగుల సంఖ్య 1,488. యూరోపియన్ అధ్యయనంతో పోలిస్తే ఎంత చిన్నదో చూడండి. అయినా జీబీఏ1లోనే ఆర్‌ఎస్ 3115534 అనే కొత్త మార్పు బలమైన సంకేతంగా దొరికింది. అది ప్రొటీను అక్షరాలను మార్చేది కాదు. జన్యువు సందేశాన్ని కత్తిరించి అతికించే ప్రక్రియను దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. ఆఫ్రికన్ మూలాలు లేనివారిలో ఇది చాలా అరుదు. యూరప్‌లో ఇంకో 10 లక్షల మందిని చేర్చినా ఈ సంకేతం వచ్చి ఉండేది కాదు. ఇబాదాన్‌లోనో, లేగోస్‌లోనో రోగుల పక్కన కూర్చుని నమూనాలు సేకరిస్తేనే వచ్చింది.

మన దగ్గర అలాంటిది ఏముందో వెతకాల్సింది మన రోగుల్లోనే. ఈ డైరీలో నేను చెప్పదలచుకున్న మాట ఇదే.

సెప్టెంబరు, రెండో వారం

17వ క్రోమోజోము మీద ఎంఏపీటీ అనే జన్యువు. ఇక్కడ సుమారు 9 లక్షల అక్షరాల పొడవున్న ముక్క కొందరిలో తలకిందులై ఉంటుంది. మామూలు రూపం హెచ్1, తిరగబడిన రూపం హెచ్2. యూరోపియన్ క్రోమోజోముల్లో దాదాపు ఐదింట ఒకటి హెచ్2. ముప్పు ఉన్నది హెచ్1తో. తూర్పు ఆసియాలో హెచ్2 దాదాపు లేదు, అందుకే అక్కడి అధ్యయనంలో ఈ సంకేతం రాలేదు. తెలుగు నమూనాల్లోనూ హెచ్2 యూరప్‌తో పోలిస్తే చాలా తక్కువ.

దీనర్థం 'మనందరిలో ముప్పు రూపమే ఉంది కాబట్టి మనకు జబ్బు ఎక్కువ' అని కాదు. ఈ అపార్థం ఎంత సులువుగా పుడుతుందో చూడాలని ఒక పని చేశాను. 90 మార్పుల్లో అక్షరాలు కచ్చితంగా సరిపోయినవి తీసుకుని, యూరోపియన్ బరువులతో, అంటే ఒక్కో మార్పు ప్రభావం 2019 అధ్యయనంలో ఎంతని తేలిందో ఆ సంఖ్యలతో, ఒక్కో నమూనాకు ముప్పు స్కోరు లెక్కగట్టాను. తెలుగువారి సగటు యూరోపియన్ల సగటు నుంచి పక్కకు జరిగింది. ఏ వైపు జరిగిందో కావాలనే ఇక్కడ రాయడం లేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని తెలుగువారికి ముప్పు ఎక్కువనో, తక్కువనో ఫోన్లలో పంచుకోవడం మొదలైతే ఆపడం ఎవరివల్లా కాదు. ఆ జరగడానికి జబ్బుతో సంబంధం ఉందని చెప్పే ఆధారం లేదు. 2017లో ఇదే 1000 జీనోమ్స్ డేటా మీద ఎత్తు స్కోరు లెక్కగట్టి చూపించారు: యూరోపియన్ బరువులు వాడితే పశ్చిమ ఆఫ్రికన్లు పొట్టివారని వచ్చింది. వాస్తవంలో వారు యూరోపియన్లకు ఎత్తులో తీసిపోరు.

ఇందుకు కారణం ఉంది. అధ్యయనంలో పట్టుబడిన మార్పు చాలాసార్లు అసలు దోషి కాదు, దోషి పక్కన తరతరాలుగా కలిసి నడుస్తున్న తోడు మాత్రమే. ఏది దేనితో కలిసి నడుస్తుందో జనసమూహాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో నమ్మకంగా దోషిని చూపించిన తోడు మన దగ్గర ఇంకెవరితోనో నడుస్తూ ఉండవచ్చు. డబ్బు కట్టి, ఉమ్మి పంపి, స్కోరు తెప్పించుకునే మనవారు ఎవరైనా దీన్ని చదువుతుంటే ఈ పేరా రెండుసార్లు చదవాలని కోరుతున్నాను.

సెప్టెంబరు, చివరి వారం

మేనరికం గురించి రాయకుండా తెలుగువారి జన్యువుల మీద ప్రాజెక్టు పూర్తికాదు. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డ జీనోములో సగటున ఎనిమిదో వంతులో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన ప్రతులు రెండూ ఒకే పూర్వీకుడివి అవుతాయి. మేనబావ, మేనమరదలు అయితే పదహారో వంతు. ప్లింక్ అనే ప్రోగ్రాముతో వెతికితే, రెండు ప్రతులూ అచ్చం ఒకటిగా ఉన్న పొడవాటి ముక్కలు కొన్ని తెలుగు నమూనాల్లో స్పష్టంగా కనిపించాయి. మన కుటుంబ చరిత్ర అక్కడ అక్షరాల్లో ఉంది.

చిన్న వయసులో వచ్చే పార్కిన్సన్స్‌కు కారణమయ్యే పార్కిన్, పింక్1, డీజే1 జన్యువులు రెండు ప్రతులూ చెడితేనే జబ్బు తెస్తాయి. పార్కిన్‌ను 1998లో జపాన్ కుటుంబాల్లో కనిపెట్టారు. పింక్1 ఉన్న చోటును ముందుగా చూపించింది సిసిలీలోని ఒక కుటుంబం, అక్కడా దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లే. మన దగ్గర 40 ఏళ్లలోపు వణుకు మొదలైన మనిషి, మేనరికపు తల్లిదండ్రులు అనే రెండు వివరాలు కలిస్తే ఈ జన్యువులను తప్పకుండా చూడాలి. పార్కిన్‌లో చాలాసార్లు ఒక అక్షరం మారడం కాదు, ఒక భాగం మొత్తంగా ఎగిరిపోతుంది. నేను వాడుతున్న ఒక్క అక్షరం మార్పుల ఫైళ్లలో అది కనబడదు. దానికి వేరే పరీక్ష కావాలి.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ బృందంతో కలిసి 2017లో ప్రచురించిన వ్యాసం నాకు ధైర్యం ఇస్తుంది. దక్షిణాసియాలో ఎన్నో సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కొన్ని అరుదైన మార్పులు ఆ సమూహాల్లోనే పోగుపడ్డాయని అది చూపించింది. జబ్బుల కారణాలు వెతికేవారికి ఇదొక అవకాశం. ఒక సమూహాన్ని వేలెత్తి చూపడానికి మాత్రం దీన్ని వాడకూడదు.

ఇక చేయాల్సిన పనులు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు చదివిన 10 వేల మంది భారతీయుల జీనోములు 2025 జనవరి నుంచి పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఫరీదాబాద్‌లోని భారతీయ జీవశాస్త్ర డేటా కేంద్రం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. అలాంటి డేటా ఒక వ్యక్తిగా అడిగేది కాదు, దాని వెనుక ఒక సంస్థ, ఒక నైతిక కమిటీ ఉండాలి. విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక ఆచార్యురాలితో మాట్లాడాను. ముందు పట్టిక పూర్తిచేసి పంపమన్నారు. అది వస్తే నా 204 క్రోమోజోములు వేలల్లోకి మారతాయి, సున్నా గడుల పై హద్దులు బాగా కిందికి దిగుతాయి. రోగుల సంగతి అప్పటికీ మిగిలే ఉంటుంది. పార్కిన్సన్స్ జన్యువుల కోసం ప్రపంచవ్యాప్తంగా నమూనాలు సేకరిస్తున్న జీపీ2 కార్యక్రమంలో భారతీయ వైద్య కేంద్రాలు కూడా ఉన్నాయి. దగ్గర్లో నమోదు జరుగుతోందా అని పెద్దనాన్న న్యూరాలజిస్టును వచ్చే నెల చూపించుకునేటప్పుడు అడుగుతాం. ఆయన రక్తం ఇస్తానన్నారు.

పట్టికలో నాలుగో క్రోమోజోము కొసన ఉన్న వరుస ఇంకా ఖాళీగా ఉంది. మొదట్లో ఆ సంకేతాన్ని జీఏకే అనే జన్యువు పేరుతో పిలిచేవారు. తర్వాత పక్కనే ఉన్న టీఎంఈఎం175లో ప్రొటీను అక్షరాన్ని మార్చే మార్పు మీదికి అనుమానం మళ్లింది. యూరోపియన్ నమూనాల్లో ఆ రెండు జన్యువుల మార్పులు ఎంత గట్టిగా కలిసి నడుస్తున్నాయో, తెలుగు నమూనాల్లో విడిగా నడుస్తున్నాయేమో చూడాలి. విడిగా నడుస్తుంటే అనుమానితులను వేరుచేయడానికి మన నమూనాలే ఎక్కువ పనికొస్తాయి. వచ్చే వారం మొదలుపెట్టేది అదే.